నల్ల సరస్సు పెళ్ళికొడుకు

నల్ల సరస్సు అవతలి ఒడ్డున ఒక మట్టి గుడిసె ఉంది. చీకటి నెలల్లో దాని దగ్గరికి ఎవరూ పోరు. జింకల మంద అటు మళ్ళినా సరే, మనుషులు ఇవతలే నిలబడి కుక్కల్ని పంపిస్తారు. కుక్కలు కూడా మొహమాటానికి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేస్తాయి.

అక్కడ దెయ్యం ఉంది. మామూలు దెయ్యం కాదు — పెళ్ళికొడుకు దెయ్యం.

ఉత్తరాది మంచుదేశంలో జింకల్ని కాసుకునే జాతి మాది, సామి అంటారు. మా వాళ్ళలో పాతరోజుల్లో పెళ్ళి అడగడానికి నోటితో పని లేదు. కుర్రాడు మంచుబండికి తన మంచి రెయిన్‌డీర్ జింకను కట్టుకొని, పిల్ల ఉన్న గుడిసె చుట్టూ మూడు చుట్లు తిరిగి, తలుపు ముందు ఆగేవాడు. పిల్ల బయటికొచ్చి జింకను బండి నుంచి విప్పితే సరేనన్నట్టు. రాకపోతే వచ్చిన దారినే ఇంటికి పోవాలి. ఎంత మర్యాదైన పద్ధతో చూడండి. కాదనడానికి కూడా ఎవరూ నోరు విప్పక్కర్లేదు.

ఆ గుడిసె ముందు ఆగినవాడొకడు ఇంటికి పోలేదట. లోపల పిల్ల తోళ్ళ కింద దూరి నవ్వుతోందో, ఒళ్ళెరక్క నిద్రపోయిందో — అది చెప్పేవాళ్ళని బట్టి మారుతుంది. వాడు మాత్రం పగ్గాలు చేతిలో పట్టుకొని ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని కూర్చున్నాడు. తెల్లారేసరికి బిగుసుకుపోయి ఉన్నాడు. తెల్లారడం అని అలవాటుగా అనేశాను. చీకటి నెలల్లో మాకు సూర్యుడే రాడు. పొద్దుటి కాఫీ వేళకి అనుకోండి.

అప్పట్నుంచి... గంట వినిపిస్తుంది. జింక మెడలో గంట. ఒక చుట్టు... రెండు చుట్లు... మూడు... ఆగిపోతుంది. ఆ వేళకి లోపల ఆడమనిషి ఉండి, బయటికొచ్చి జింకను విప్పిందా — దెయ్యానికి పెళ్ళాం అయిపోయినట్టే.

ఆ గంటను చెవులారా విన్నవాళ్ళు మా ఊళ్ళో బోలెడంత మంది. విచిత్రం ఏమిటంటే, మా తాతల కాలంలో కథ ఉంది గాని గంట లేదు. గంట కొన్నేళ్ళుగానే మొదలైంది. దానికీ మా వాళ్ళ దగ్గర సమాధానం ఉంది. దెయ్యాలు కూడా మధ్యలో నిద్రపోతాయట.

ఇక అసలు సంగతి. ఇది నాకు రవ్నా పెద్దమ్మ స్వయంగా చెప్పింది, మా వంటింట్లో కూర్చుని, కాఫీలో చీజ్ ముక్కలు నానేసుకుంటూ. డెబ్బై దాటిన మనిషి. కళ్ళకి పొర కమ్మి ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియవు. నోటికి మాత్రం ఏ పొరా కమ్మలేదు.

ఆవిడ చెల్లెలి కూతురు రిస్తెన్. ముప్పై దాటింది. తన మంద తనే చూసుకుంటుంది, మంచు స్కూటరు విప్పి బిగించడం మగాళ్ళకి నేర్పుతుంది. భయమన్నది ఒక్క దెయ్యాలంటేనే. అలాంటి పిల్లకి ఆ డిసెంబరులో ఒక కష్టం వచ్చిపడింది. తీరంలో చేపల పడవ ఉన్న ఓద్వార్ అనేవాడు ఆమెని పెళ్ళి అడిగాడు. ఫోన్‌లో అడిగాడు. ఒక ఉంగరం బొమ్మ, పక్కన చేప బొమ్మ, చివర ప్రశ్నార్థకం. ఆదివారంలోగా చెప్పమన్నాడు, పడవ బయల్దేరుతుందట.

మనిషి చెడ్డవాడు కాదు. కానీ రిస్తెన్ మనసంతా ఆస్లత్ మీద ఉంది. ఆస్లత్ మా ఊరివాడే, పక్క మంద వాడు. ఏళ్ళ తరబడి ఆమె స్కూటరు ఆగినచోటల్లా తన స్కూటరు ఆపుతాడు. నోరు తెరుస్తాడు. "చలి బాగా ఉంది" అంటాడు. వెళ్ళిపోతాడు. వేసవిలో ఆ మాట కూడా ఉండదు.

ఆదివారం ఇక రెండ్రోజులుందనగా పెద్దమ్మ కనిపెట్టింది. పిల్లకి నిద్ర లేదు, తిండి లేదు, ఫోన్ వెలిగించడం, ఆర్పడం.

"లేవే. చుక్కలు చూద్దాం పద" అంది.

"ఇప్పుడా?"

"తీరంలో ఎప్పుడూ మబ్బే. అక్కడికి పోతే నీకు ఒక్క చుక్క కనపడదు. మా అమ్మ నాకు చెప్పిన ఆకాశం నీకు చెప్పకుండా పంపిస్తే ఆవిడ నన్ను ఊరుకోదు."

"సరే. ఎక్కడికి?"

"ఊళ్ళో దీపాలకి ఏం కనపడి చస్తుంది. నల్ల సరస్సు గుడిసె దగ్గరికి."

రిస్తెన్ కూర్చున్నచోటే కూర్చుండిపోయింది. "పెద్దమ్మా... అక్కడ అది ఉంది."

"ఉంటే ఉండనీ. వాడికి కావల్సింది పెళ్ళాం. నన్ను చూస్తే వాడే పారిపోతాడు."

"నన్ను చూస్తే?"

"నువ్వు బయటికొచ్చి విప్పకపోతే సరి. నోరు విప్పకుండా కూర్చోవడం నీకు కొత్తా ఏంటి?"

మధ్యాహ్నం కాఫీ అయ్యాక బయల్దేరారు. అప్పటికే చుట్టూ కటిక చీకటి. ఒడ్డున మంచు మెత్తగా ఉందని స్కూటరును బర్చ్ చెట్ల చాటున వదిలేసి, చెయ్యి పట్టుకొని నడిచారు. గుడిసె ముందు ఒక తోలు పరుచుకొని, ఒక తోలు కప్పుకొని కూర్చున్నారు. మంట పెట్టలేదు. మంట చూసిన కంటికి చుక్కలు ఆనవని పెద్దమ్మ పట్టుదల. తనకెలాగూ ఆనవు, అయినా సరే.

"నడినెత్తిన చూడు. వంకరటింకరగా అయిదు చుక్కలు."

"ఉన్నాయి."

"అవి సార్వా కొమ్ములు. సార్వా అంటే దుప్పి. మామూలు దుప్పి కాదు, సగం ఆకాశం దాని ఒళ్ళే. పరిగెడుతోంది చూడు."

రిస్తెన్ చూసింది. ముందు చుక్కలే కనిపించాయి. తర్వాత కొమ్ములు, మెడ, వీపు... చూస్తూ చూస్తూ ఉండగా కాళ్ళు కూడా దొరికాయి. కనిపించాక ఇక కనిపించకుండా ఉండటం లేదు. తనకి ఊపిరి ఆడలేదని తర్వాత ఒప్పుకుంది.

"తూర్పున చిన్న గుంపు ఉండాలి."

"ఉంది. ముద్దగా."

"అవి కుక్కలు. వాటిని తోలుకొచ్చేది ముసలమ్మ."

"ముసలమ్మకి వేట ఎందుకు?"

"మగాళ్ళ మీద నమ్మకం లేక. గాల్లా కొడుకులని వేటగాళ్ళ చుక్కలున్నాయి, స్కీలు వేసుకొని వస్తారు, కానీ ఇంకా కొండ మీదికి రాలేదు. వాళ్ళెప్పుడూ ఆలస్యమే. ఇప్పుడు ఉత్తరానికి తిరుగు. కిందుగా పెద్ద విల్లు."

మీరు సప్తర్షులంటారే, ఆ ఏడుగురూ మాకు విల్లు. వేటగాడు ఫావ్నాది. ఆ వేళకి ఫావ్నా ఇంకా కొండ వెనకే ఉంటాడు, విల్లు మాత్రం ముందే పైకొచ్చేస్తుంది.

"దానికి పైన, ఒంటరిగా, కదలకుండా ఉండే చుక్క?"

"ధ్రువం."

"మేకు అను. ఉత్తరపు మేకు. ఆకాశాన్ని మొత్తం దానికే తగిలించారు. ఇప్పుడు విను. ఫావ్నా బాణం ఎక్కుపెట్టాడు. దుప్పిని కొడదామని. కానీ దుప్పికీ వాడికీ మధ్యలో మేకు ఉంది. చెయ్యి వణికి బాణం మేకుకి తగిలిందా — ఆకాశం ఊడి మన నెత్తిన పడుతుంది. లోకం సరి. అందుకని వాడు లాగి పట్టుకొనే ఉన్నాడు. లోకం పుట్టినప్పట్నుంచీ లాగి పట్టుకొనే ఉన్నాడు. వదలడు."

రిస్తెన్ తోలు భుజాల మీదికి లాక్కుంది.

"ఆస్లత్ లాగా" అంది.

"ఫావ్నా వదిలితే లోకం మునుగుతుంది. వీడు వదలకపోతే నువ్వు మునుగుతున్నావు. ఇద్దరికీ పెద్ద తేడా లేదులే."

పిల్లకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కన్నీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టాయి. "పెద్దమ్మా, వాడు ఒక్కసారి అడిగితే చాలు. ఎలా అడిగినా చాలు. నేను ఓద్వార్‌కి..."

అక్కడ ఆగింది.

గంట.

దూరంగా... సరస్సు మంచు మీది నుంచి. ఖణ్... ఖణ్...

"పెద్దమ్మా."

"విన్నాను."

"గాలేమో?"

"గాలికి మెడలో గంటెవడు కట్టాడే?" పెద్దమ్మ గొంతు కూడా తగ్గింది. "లోపలికి పద. తోలు తియ్యి. చప్పుడు చెయ్యకు."

ఇద్దరూ గుడిసెలోకి దూరారు. తలుపు బిగించి, దాని వెనకే మోకాళ్ళ మీద కూర్చున్నారు. లోపల మట్టివాసన, పాత పొగవాసన. ఇద్దరి ఊపిరీ ఇద్దరికీ వినపడుతోంది.

ఖణ్... ఖణ్... మంచు మీద బండి జారుతున్న కరకర. ఎడమ గోడ వెనకగా వచ్చింది. పొయ్యి వెనకగా పోయింది. కుడి గోడ... తలుపు ముందు నుంచి దాటింది.

"ఒకటి" అంది పెద్దమ్మ, పెదవులతోనే.

మళ్ళీ ఎడమ గోడ. ఈసారి గంటతో పాటు ఇంకో చప్పుడు. ఎవరో గొణుగుతున్నారు. మాటలు అర్థం కావు. ఒకటే మాటని మళ్ళీ మళ్ళీ అంటున్నట్టు... తప్పు చెప్పి మళ్ళీ మొదలెట్టినట్టు...

"రెండు."

రిస్తెన్ పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ అంతకంటే గట్టిగా పట్టుకుంది. దాంతో పిల్లకి మిగిలిన కాస్త ధైర్యమూ పోయింది.

మూడో చుట్టు నెమ్మదిగా వచ్చింది. చాలా నెమ్మదిగా. తలుపు ముందుకొచ్చి... ఆగింది.

గంట లేదు. కరకర లేదు. జింక ఒక్కసారి ముక్కుతో బుసకొట్టింది. అంతే.

ఎంతసేపు గడిచిందో. బయట ఉన్నది కదలదు, పోదు. కూర్చుని చూస్తోంది. చచ్చిపోయిన నాడు చూసినట్టే చూస్తోంది...

రిస్తెన్ ఇక ఉండబట్టలేక తలుపు సందుకి కన్ను ఆనించింది. ముందు ఏమీ లేదు, కొమ్ముల నీడ తప్ప. పైన ఉత్తరపు ఆకాశం. విల్లు.

విల్లులోంచి ఏదో బయటికొచ్చింది.

ఒక వెలుగు చుక్క. దాని వెనక ఇంకోటి. ఇంకోటి... దారానికి గుచ్చినట్టు వరసగా, చప్పుడు లేకుండా, తిన్నగా... పైకి. మేకు వైపు.

"పెద్దమ్మా" అంది. "విల్లులోంచి... వెలుతురు. గీతలా ఉంది. కదుల్తోంది."

"ఎటు?"

"మేకు మీదకి."

పెద్దమ్మ తలమీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వదిలేశాడు" అంది. "ఫావ్నా వదిలేశాడు. నా బతుకులోనే అవ్వాలా ఇది."

"ఏం చేద్దాం?"

"ఏం చేస్తాం. ఇటు రా. పోయేముందు ఒక మాట చెప్పాలి. నీ చిన్నప్పుడు నీకు తెల్ల జింకదూడ ఒకటి ఉండేదే... తోడేలు ఎత్తుకుపోయిందన్నాను."

"ఊఁ."

"తోడేలు కాదు. నేనే. దాని చెవి కోసి నా మంద గుర్తు పెట్టుకున్నాను. మంచి దూడే."

రిస్తెన్ చీకట్లో పెద్దమ్మ వైపు తిరిగింది. ఆకాశం ఊడిపడుతుంటే దూడ గురించి దెబ్బలాడటానికి టైము లేదు. మళ్ళీ సందులోంచి చూసింది. వరస సగం దూరం పోయింది. మేకు అక్కడే ఉంది, పాపం, ఏమీ తెలియనట్టు.

ఆమెకి ఓద్వార్ గుర్తుకు రాలేదు. చేప బొమ్మా గుర్తుకు రాలేదు. చలి బాగా ఉంది అని చెప్పి వెళ్ళిపోయే వాడొకడు గుర్తొచ్చాడు. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో, పైకి చూస్తున్నాడో లేదో. ఇక అడగడు. ఇక ఎప్పటికీ అడగడు. ఆ కోపం, ఆ దుఃఖం, అన్నీ కలిసి ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"నేను పోతున్నాను" అని లేచింది.

"ఎక్కడికే?"

"విప్పడానికి."

"ఒసేయ్, వాడు చచ్చినవాడు."

"ఇంకో నిమిషంలో అందరం అంతే కదా పెద్దమ్మా. నా జన్మకి పద్ధతిగా బండి కట్టుకొని వచ్చినవాడు వీడొక్కడే."

తలుపు తోసింది. తల మీద తెల్లటి తోలు, రెప్పల మీద మంచు, కళ్ళు గట్టిగా మూసుకొని ఉరికింది. చేతికి జింక మెడ తగిలింది. వెచ్చగా ఉంది. దెయ్యం జింక వెచ్చగా ఎందుకుందని అప్పుడు తట్టలేదు. పట్టీ లాగింది, కొక్కెం విప్పింది, వదిలేసింది.

బండిలోంచి ఒక కేక లేచింది. మనిషి కేక. ఎవడో వెనక్కి తిరిగి మంచులో తలకిందులుగా పడ్డాడు. దాంతో జింక బెదిరి, గంట మోగించుకుంటూ సరస్సు దాటి ఊరి వైపు పరుగో పరుగు.

"వద్దు... నన్నేం చెయ్యకు... నేను ఊరికే..." అంటోంది మంచులోని దెయ్యం.

రిస్తెన్ కళ్ళు తెరిచింది. నీలం అంగీ, ఎర్రటి అంచులు, వెండి బిళ్ళల బెల్టు. పండక్కి కూడా ఎవడూ అంత ముస్తాబవడు. ఆ ముస్తాబులోంచి మంచు ఉమ్ముకుంటూ ఒక మొహం బయటపడింది.

"ఆస్లత్?"

"రిస్తెన్?" అన్నాడు వాడు. ఇంకా మోచేయి అడ్డంపెట్టుకొనే ఉన్నాడు. "నువ్వు... నువ్వు నిజంగా నువ్వేనా? ఇక్కడ దెయ్యం తిరుగుతుందంటారు."

"తర్వాత చెప్తా. పైకి చూడు. ఫావ్నా బాణం—"

వాడు చూశాడు. రిస్తెన్ కూడా చూసింది. వెలుగుల వరస మేకును రాసుకున్నట్టే పక్కనుంచి దాటి, దుప్పి కొమ్ముల్లోంచి దూరి, ఒక్కొక్కటే ఆరిపోయింది. మేకు కదల్లేదు. ఆకాశం ఊడలేదు.

"అవి ఉపగ్రహాలు" అన్నాడు ఆస్లత్. "మొన్న పైకి పంపారంట. రేడియోలో చెప్పారు."

గుడిసెలోంచి పెద్దమ్మ గొంతు వచ్చింది. "తగిలిందా?"

"తప్పిపోయింది పెద్దమ్మా. నా దూడ సంగతేంటి?"

"ఏ దూడ?"

పెద్దమ్మ తడుముకుంటూ బయటికొచ్చింది. దెయ్యం ఎవరో తెలిశాక గంటసేపు భయపెట్టినందుకు వాణ్ణి నాలుగు దులిపింది. ఆ తర్వాత అడగాల్సింది అడిగింది.

"అది సరేరా. మనిషి లేని గుడిసె చుట్టూ ఈ తిరుగుడేంటి?"

వాడు టోపీ దులుపుకున్నాడు. బెల్టు సర్దుకున్నాడు. చలి గురించి అనబోయి, రిస్తెన్ మొహం చూసి మానేశాడు.

"ఒకసారి ఈస్టర్ సంతలో నువ్వన్నావు" అన్నాడు చివరికి, ఆమె బూట్లతో చెప్పుకుంటున్నట్టు. "అడగాలంటే బండి కట్టుకొని పాత పద్ధతిలో రావాలి, అప్పుడే విప్పుతా అని."

"నవ్వులాటకన్నాను."

"నాకు తెలీదుగా. నాకు బండి తోలడం సరిగ్గా రాదు. తలుపు ముందు ఆపడం అసలు రాదు. జింక ఎప్పుడూ దాటి పోతుంది. అందుకని ఇక్కడ... సాధన."

"ఎప్పట్నుంచి?" అంది పెద్దమ్మ.

వాడు చెప్పాడు. పెద్దమ్మ లెక్కేసుకుంది. ఊళ్ళో గంట వినపడ్డం మొదలైన శీతాకాలం అది.

"అంటే... ఈ దెయ్యం నువ్వా?"

"నేనెందుకవుతాను?" ఆస్లత్ నిజంగానే తెల్లబోయాడు. "నేనెప్పుడూ దాన్ని చూడలేదు. అదొస్తుందన్న భయానికే మూడు చుట్లు తిరిగి వెంటనే పోయేవాణ్ణి. ఇవాళే జింక సరిగ్గా తలుపు ముందు ఆగిందని కాసేపు కూర్చున్నాను. పెద్దమ్మా, ఒట్టు, ఒక్కోసారి నా గంట నాకే వినపడి చెమటలు పట్టేవి."

రిస్తెన్‌కి నవ్వాగలేదు. మంచులో కూలబడి నవ్వింది. నవ్వుతూనే చెయ్యి చాపింది, వాడు పట్టుకొని లేపాడు. లేపి, వదల్లేదు.

"విప్పాను కదా" అంది. "ఇంకేం?"

ఇక్కడితో అయిపోవాలి. ఇంకొకడైతే అయిపోయేది. ఆస్లత్ తల అడ్డంగా ఊపాడు.

"అది దెయ్యాన్ని అనుకొని విప్పావు. నన్ను కాదు. అది చెల్లదు."

"ఇప్పుడేం చేస్తావు? జింక ఇంటికి పోయింది."

వాడు బండి దగ్గరికి పోయాడు. మంచులో పడున్న పట్టీ తీసి దులిపాడు. భుజాల మీద నుంచి వేసుకొని, కొక్కెం తగిలించుకొని, ముందుకి వంగాడు.

"నాకు కాళ్ళు మొద్దుబారాయి" అంటూ పెద్దమ్మ వెళ్ళి బండిలో కూర్చుంది. వద్దనే ధైర్యం వాడికెక్కడిది.

రిస్తెన్ లోపలికి పోయి తలుపు వేసుకుంది. చీకట్లో ఒంటరిగా నిలబడింది. ఇందాకటి భయం ఒక్క పిసరు లేదు, గుండె మాత్రం అంతకంటే గట్టిగా కొట్టుకుంటోంది. కరకర మొదలైంది. ఎడమ గోడ. పొయ్యి వెనక. కుడి గోడ. గంట లేదు, దాని బదులు వాడి రొప్పు, పైనుంచి పెద్దమ్మ అదిలింపులు.

ఒకటి అయింది. రెండోది చాలాసేపు పట్టింది. మూడోది మొదలై పొయ్యి వెనకదాకా వచ్చి... ధబ్‌మని చప్పుడై ఆగిపోయింది.

రిస్తెన్ పరుగెత్తింది. వాడు మోకాళ్ళ లోతు మంచులో బోర్లా పడి ఉన్నాడు, వెండి బెల్టుతో సహా. లేవడానికి చూస్తున్నాడు, బండి లాగేస్తోంది. ఆమె పక్కన కూర్చుని, చేతి తొడుగులు పళ్ళతో లాగేసి, వట్టి చేతులతో పట్టీ విప్పింది.

బండిలోంచి పెద్దమ్మ ఊరుకోలేదు. "కళ్ళు లేవు గాని చెవులున్నాయే నాకు. మూడోది పూర్తి కాలేదు. సగం తక్కువ."

రిస్తెన్ కొక్కెం మంచులోకి విసిరేసింది.

"ఇన్నేళ్ళూ నేను లేని గుడిసె చుట్టూ తిరిగాడుగా పెద్దమ్మా. అవి కూడా కలుపుకో."